పిల్లికి చెలగాటం కావాలి!

తెల్లవారుజామున నాలుగున్నర. మీరింకా నిద్రలోనే ఉంటారు. బీరువా మీద నుంచి ఏదో దబ్బున కింద పడుతుంది. ఆ వెంటనే హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకు పరుగులు. తర్వాత దుప్పట్లోంచి బయటికొచ్చిన మీ కాలి వేలి మీద ఒక పంజా. 'దీనికేదో పిచ్చి పట్టింది' అని విసుక్కుంటూ లేస్తారు. పగలంతా సోఫాలో ముడుచుకుని పడుకున్నది ఈ పిల్లేనా అని అనుమానం కూడా వస్తుంది.

పిచ్చేం పట్టలేదు. దానికి పని లేదు, అంతే.

ఒకప్పుడు మన ఊళ్లలో పిల్లి సగం ఇంటిది, సగం వీధిది. అటక మీద ఎలుకలు, గాదె దగ్గర పందికొక్కులు, పెరటి గోడ మీద షికార్లు, చేపలు కడిగే చోట కాపలా... రోజంతా దానికి చేతినిండా పనే. ఇప్పుడు ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు ఎక్కడ చూసినా రెండు పడగ్గదుల ఫ్లాట్లు, మెష్ బిగించిన కిటికీలు. పిల్లలు ముచ్చటపడి తెచ్చిన పర్షియన్ పిల్లో, వానలో తడుస్తుంటే జాలిపడి ఎత్తుకొచ్చిన నాటు పిల్లో ఆ నాలుగు గోడల మధ్యే పెరుగుతోంది. అందులో తప్పేమీ లేదు. బయట కుక్కలున్నాయి, బళ్లున్నాయి, ఎలుకల మందుంది, రేబిస్ ఉంది. ఇంట్లో ఉంచడమే దానికీ మంచిది, చుట్టుపక్కల పిట్టలకూ మంచిది. కాకపోతే పిల్లిని లోపలికి తెచ్చినప్పుడు అది బయట చేసే పనిని కూడా లోపలికి తేవాలి. మనం అది మర్చిపోతున్నాం. గిన్నె నిండా గింజలు పోసి, మూలన ఇసుక ట్రే పెట్టి 'దీనికేం లోటు' అనుకుంటున్నాం.

ఆ లోటు ఒంట్లో కనిపిస్తుంది

కదలకుండా తిని పడుకునే పిల్లికి మొదట వచ్చేది బరువు. దాని వెనకే మధుమేహం, కీళ్ల నొప్పులు. మీ పిల్లి బరువు ఎక్కువో కాదో తెలుసుకోవడానికి తూకం అక్కర్లేదు. పక్కటెముకల మీద చేతివేళ్లతో మెల్లగా నిమరండి. ఎముకలు కంటికి కనిపించకూడదు గానీ వేళ్లకు తగలాలి. నొక్కితే తప్ప తగలడం లేదంటే కొవ్వు పట్టినట్టే.

రెండోది, చాలామందికి తెలియనిది, మూత్రాశయం సమస్య. ఇన్ఫెక్షన్ ఉండదు, రాయి ఉండదు. అయినా పిల్లి మాటిమాటికీ ట్రేలోకి వెళ్తుంది, ముక్కుతుంది, రెండు చుక్కలు పోస్తుంది, ఒక్కోసారి రక్తం కనిపిస్తుంది. మంచం మీదా, బట్టల కుప్ప మీదా పోసేస్తుంది. దీని వెనక మానసిక ఒత్తిడి ప్రధానంగా ఉంటుందని అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్ అనే పశువైద్యుడు ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. ఇంటిపట్టునే ఉండే 46 పిల్లుల ఇళ్లలో పరిసరాలను మార్పించి చూసి 2006లో ఫలితాలు ప్రచురించారు. ఎక్కేందుకు ఎత్తైన చోటు, దాక్కునే చోటు, రోజూ ఆట, శుభ్రమైన ట్రే... ఇలాంటి మార్పులే. వాటితో మూత్ర సమస్యలే కాదు, భయం, బెదురు కూడా చెప్పుకోదగ్గంత తగ్గాయి.

మగపిల్లి ఉన్నవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలి. దాని మూత్రనాళం చాలా సన్నం. పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ముక్కుతోంది కానీ చుక్క రావడం లేదంటే 'రేపు చూద్దాం' వద్దు. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇక మూడో లోటు మన ఒంటి మీద కనిపిస్తుంది. చేతుల మీద రక్కులు, పిల్లల కాళ్ల మీద పళ్ల గాట్లు, చీరిన సోఫా. పిల్లి కాలుగాలినట్టు తిరుగుతుంటే ఇంట్లో గొడవలు మొదలవుతాయి. చివరి మెట్టు గోనెసంచి. గోతాంలో పెట్టి ఏ చేపల మార్కెట్ దగ్గరో, కాలవ గట్టునో వదిలేసి రావడం మన దగ్గర కొత్తేం కాదు. 'చేపలున్న చోట బతికేస్తుందిలే' అని సర్దిచెప్పుకుంటారు. గిన్నెలో తిని పెరిగిన పిల్లి అక్కడి కుక్కల మధ్య, గండుపిల్లుల మధ్య నెగ్గుకురావడం కష్టం. ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. సంచీ వెతికే ముందు రోజుకో పావుగంట చొప్పున రెండు వారాలు ఆడించి చూడండి. అందుకు రూపాయి ఖర్చు పెట్టక్కర్లేదు.

అది ఆట కాదు, వేట

మనకు సరదాగా కనిపించేది పిల్లికి వేట. మాటు వేయడం, పొంచి పొంచి దగ్గరకు రావడం, ఒక్క దూకు, పట్టి కొరకడం. ఆ తర్వాత తినడం, ఒళ్లు నాక్కోవడం, నిద్ర. ఈ వరుస పూర్తయితేనే దానికి తృప్తి. బయట వేటాడి బతికే పిల్లి రోజులో పది పన్నెండుసార్లు, ఇంకా ఎక్కువే, చిన్న చిన్న వేటలతో కడుపు నింపుకొంటుంది. గురి తప్పినవి కూడా కలిపితే ఎన్నిసార్లు దూకుతుందో లెక్కేసుకోండి. గిన్నె నిండా గింజలుంటే ఆ వరుసలో మొదటి నాలుగు పనులూ మాయం. తినడం, నాక్కోవడం, పడుకోవడం మిగులుతాయి. మాటు వేయడం, దూకడం మీ కాలివేళ్ల మీద తీర్చుకుంటుంది.

'బొమ్మలు కొన్నాం సార్, రెండు రోజులు ఆడి వదిలేసింది' అంటారు చాలామంది. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ బ్రాడ్‌షా, సారా హాల్ సరిగ్గా ఈ సంగతే పరీక్షించారు. ఒకే బొమ్మను వరుసగా ఇస్తుంటే పిల్లులకు మూడోసారికే ఆసక్తి చచ్చిపోయింది. అప్పుడు ఇంకో రకం బొమ్మ ఇవ్వగానే మళ్లీ విరుచుకుపడ్డాయి. అంటే అలసిపోయి మానలేదు, ఆ వస్తువు విసుగొచ్చి మానేశాయి. చంపినా చావని, చిరగని, మారని ఎలుకతో ఎంతసేపని ఆడుతుంది? వాళ్లే తేల్చిన మరో విషయం... కడుపు నిండిన పిల్లి కంటే ఆకలి మీదున్న పిల్లి ఎక్కువ ఆడుతుంది.

ఈ రెండూ కలిపి చూస్తే ఐదొందలు పెట్టి కొన్న బ్యాటరీ ఎలుక కన్నా మీ ఇంట్లోని పాత పేపరే మేలు. నలిపితే చప్పుడవుతుంది, కొరికితే చిరుగుతుంది, పొద్దున్న పారేసి సాయంత్రం కొత్తది చేయొచ్చు. ఖర్చు తక్కువని సర్దుకుపోవడం కాదిది. చౌక వస్తువే నిజంగా మంచి వస్తువు. అన్నీ ఒకేసారి నేల మీద పరిచేయకుండా నాలుగైదు రకాలు డబ్బాలో దాచి రోజుకొకటి తీస్తే చాలు.

కొబ్బరి ఈనె... చీర ముక్క

అన్నిటికన్నా ముందు ఇది చేయండి. గట్టి కొబ్బరి ఈనెలు నాలుగైదు కలిపి మూడడుగుల కర్రలా కట్టండి. పాత ఫ్యాన్ కర్టెన్ రాడ్డో, సన్నటి వెదురు బద్దో అయినా సరే. కొసకు జానెడు వెడల్పు పాత నూలు చీర ముక్కను గట్టిగా ముడేయండి. సన్నటి దారం వద్దు, ఎందుకో తర్వాత చెబుతాను.

దీన్ని ఆడించడంలోనే కిటుకంతా ఉంది. చాలామంది పిల్లి ముఖం మీద టపటపా ఊపుతారు. ఏ ఎలుకైనా వచ్చి పిల్లి నోట్లో దూకుతుందా? పిల్లి నుంచి దూరంగా జరపండి. నేల మీద పాకించండి. సోఫా కాలి వెనక్కి తీసుకెళ్లి ఆపేయండి. కొస మాత్రం కొంచెం కనిపించాలి, కొంచెం వణకాలి. పిల్లి కళ్లు పెద్దవవుతాయి, వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంది. అప్పుడు కదిలించకండి. ఆ నిశ్శబ్దమే దానికి సగం ఆట. దూకింది... దొరకనివ్వండి. కొరకనివ్వండి, వెనక కాళ్లతో తన్నుకోనివ్వండి. ప్రతి నాలుగైదు దూకుల్లో ఒకటి రెండైనా దాని చేతికి చిక్కాలి. ఎప్పటికీ అందని వేట పిల్లిని మరింత చికాకు పెడుతుంది. ఫోన్లలో, కీచైన్లలో వచ్చే లేజర్ లైటుతో వచ్చిన చిక్కు ఇదే. ఆ ఎర్ర చుక్క ఎన్నటికీ పంజాకు తగలదు. పైగా కంట్లో పడితే ప్రమాదం. పిల్లలు లేజరే కావాలని మారాం చేస్తే, గోడ మీద, నేల మీద మాత్రమే వేసి, చివరకు ఒక గింజ పెట్టిన చోట ఆ చుక్కను ఆపమనండి.

చివరి రెండు నిమిషాలూ వేగం తగ్గించండి. ఎలుక అలసిపోయినట్టు, నీరసించినట్టు. ఆఖరి పట్టు పిల్లిదే కావాలి. వెంటనే భోజనం పెట్టండి. తింటుంది, మూతి తుడుచుకుంటుంది, పడుకుంటుంది. వరుస పూర్తయింది.

ఒక్కో విడత ఐదు నుంచి పది నిమిషాలు, రోజుకు రెండు మూడు విడతలు చాలు. పిల్లులు సహజంగా తెల్లవారుజామున, మునిమాపువేళ చురుగ్గా ఉంటాయి. కాబట్టి పొద్దున్న ఒకసారి, రాత్రి మీరు పడుకునే ముందు ఒకసారి పెట్టుకోండి. ఆ రాత్రి ఆట, ఆ వెంటనే భోజనం... ఈ రెండూ వారం పది రోజులు క్రమం తప్పకుండా సాగితే నాలుగున్నర పరుగులు చాలావరకు సద్దుమణుగుతాయి. మధ్యలో అది అరిచిందని లేచి తిండి పెట్టారో, 'అరిస్తే అమ్మ లేస్తుంది' అని నేర్చేసుకుంటుంది.

పిల్లలు హైదరాబాదో అమెరికానో వెళ్తూ అప్పగించిన పిల్లితో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు కూడా ఇది వీలైన పని. కుర్చీలో కూర్చునే ఆడించొచ్చు. ఆట అయ్యాక కర్రనూ, ఉండలనూ తీసి పైన పెట్టడం మాత్రం మరవద్దు. రాత్రి లేచినప్పుడు కాలి కింద పడితే జారతారు.

ఒక్క ఖచ్చితమైన నిషేధం: చేతులతో ఆడించకూడదు. రెండు నెలల కూన వేలు కొరికితే ముద్దుగానే ఉంటుంది. అదే అలవాటు రెండేళ్ల వయసులో ఉంటే రక్తం వస్తుంది. 'గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా పులవుతుంది' అన్నారు కదా, మూలకు నెట్టి ఆడించే పిల్లలకు ఆ సామెత ముందే చెప్పాలి. పిల్లి చెవులు వెనక్కి వాలినా, తోకతో నేలను కొడుతున్నా ఆట అక్కడికి ఆపేయాలి. కరిస్తే లేదా రక్కితే ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటితో పావుగంట కడిగి, అదే రోజు డాక్టరును కలవాలి. మన పిల్లే కదా అని వదిలేయొద్దు. పిల్లికి రేబిస్ టీకా మూడు నెలల వయసు నుంచి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా వేయించాలి.

ఇడ్లీ రేకులో దాగుడుమూతలు

అరిగిపోయిన ఇడ్లీ రేకు ఏదో ఒకటి మీ అటక మీద ఉండే ఉంటుంది. గుంత పొంగనాల పెనమైనా పర్వాలేదు. ఒక్కో గుంటలో రెండు మూడు గింజలు వేసి, పైన పేపరు ఉండ పెట్టండి. పిల్లి ఒక్కో ఉండనూ పంజాతో లాగి, తీసి, తినాలి. గిన్నెలో అరనిమిషంలో ఊడ్చేసే తిండికి ఇక్కడ పది నిమిషాలు పడుతుంది. గుడ్ల అట్ట కూడా ఇందుకు భేషుగ్గా పనికొస్తుంది. గుడ్డు సొన అంటినది మాత్రం వద్దు. ఆరితేరిన పిల్లికి అరలీటరు నీళ్ల సీసా ఇవ్వండి. చుట్టూ గింజ పట్టేంత రంధ్రాలు నాలుగైదు చేసి, అంచులు గీసుకోకుండా నున్నగా చేసి, మూత గట్టిగా బిగించండి. దొర్లిస్తే ఒక్కో గింజా రాలుతుంది.

ఇవన్నీ రోజువారీ తిండిలోంచే తీయాలి, అదనంగా కాదు. నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 నుంచి 250 కిలోక్యాలరీలు చాలు. డ్రై ఫుడ్ అయితే దాదాపు 50 నుంచి 65 గ్రాములు. పొద్దున్నే కొలిచి డబ్బాలో పెట్టి, అందులోంచే ఆటకీ, గిన్నెకీ పంచండి.

ఇక్కడొక చిన్న మెలిక. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు నైరుతి ఇంగ్లండ్‌లో 355 పిల్లుల మీద చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. బయట తిరిగే ఆ పిల్లులను రోజూ ఐదు నుంచి పది నిమిషాలు ఆడిస్తే అవి పట్టి తెచ్చే ఎలుకలు, పిట్టలు 25 శాతం తగ్గాయి. తిండి దాచే పజిళ్లు మాత్రమే ఇచ్చిన ఇళ్లలో వేట తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. అందుకే ఇడ్లీ రేకు పెట్టేశాం, ఇక కర్ర ఎందుకని అనుకోవద్దు. రేకు మీరు ఆఫీసుకెళ్లిన వేళకు. కర్ర మీరున్న వేళకు.

అట్టపెట్టె అంతఃపురం

వేసవిలో నూజివీడు మామిడి వచ్చిన అట్టపెట్టె, ఆన్‌లైన్ పార్శిల్ వచ్చిన పెట్టె... పిల్లికి దీన్ని మించిన కానుక లేదు. నెదర్లాండ్స్‌లోని ఒక పిల్లుల ఆశ్రయంలో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొత్తగా వచ్చిన కొన్ని పిల్లులకు దాక్కునే పెట్టెలిచ్చారు, కొన్నింటికి ఇవ్వలేదు. పెట్టె దొరికినవి చాలా త్వరగా కుదురుకున్నాయి. 2014లో వచ్చిన ఆ అధ్యయనం చెప్పేది ఇంతే: దాక్కోవడం పిల్లికి విలాసం కాదు, ఊపిరి పీల్చుకోవడం. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు, దీపావళి రాత్రి, పక్కింట్లో డ్రిల్లింగ్ చప్పుడప్పుడు దానికొక పెట్టె ఉండాలి. పిన్నులు, టేపు, ప్లాస్టిక్ పట్టీలు పీకేసి, రెండు వైపులా గుండ్రటి కంతలు కోయండి. ఒకటే దారి ఉంటే రెండో పిల్లి వచ్చి అడ్డంగా కూర్చుంటుంది. మంచం మీద నుంచి నేల దాకా దుప్పటి వేలాడదీసినా గుహ తయారవుతుంది. బట్టల షాపులో తానులు చుట్టే అట్టగొట్టాలు అడిగితే ఇస్తారు. వాటిని పొట్టి ముక్కలుగా కోసి లోపల గింజలు వేయొచ్చు.

గోళ్లు గీరుకోవడం గురించి ఏలూరువాళ్లకు సలహా ఇవ్వడం కాస్త అతిగానే ఉంటుంది. జూట్ మిల్లుతో, తివాచీల నేతతో పేరు తెచ్చుకున్న ఊరిది. గోనెపట్టా, మందపాటి తివాచీ ముక్క... ఈ రెండూ పిల్లికి బాగా నచ్చేవే. పాత గోనెసంచిని శుభ్రంగా దులిపి, బరువైన బల్ల కాలికి చుట్టి, జనపనార తాడుతో గట్టిగా బిగించండి. పిల్లి ఒళ్లు పూర్తిగా చాచి నిలబడేంత ఎత్తు, అంటే రెండున్నర మూడడుగులు ఉండాలి. ఊగకూడదు. ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యమే. మూలన దాచేస్తే లాభం లేదు. సోఫాను గీరుతుంటే సోఫా పక్కనే, నిద్ర లేచి గీరుతుంటే పడుకునే చోటు పక్కనే. కొన్ని పిల్లులు నిలువుగా కాక అడ్డంగా గీరతాయి. వాటికి కొబ్బరి పీచు పట్టా నేల మీద వేస్తే చాలు. గోళ్లు తీయించడం అనే ఆలోచన మాత్రం రానీయకండి. అది గోరు తీయడం కాదు, వేలి కొసను ఎముకతో సహా కోయడం.

బీరువా మీదో, కిటికీ పక్కనో ఒక ఎత్తైన చోటు వదిలేయండి. ఎక్కడానికి మధ్యలో ఒక స్టూలు. కిటికీలోంచి కాకులనూ పిచ్చుకలనూ చూస్తూ గంటలు గడిపేస్తుంది, మనం సీరియల్ చూసినట్టే. దోమల మెష్ మాత్రం పిల్లి బరువును ఆపదు. పై అంతస్తుల్లో ఉండేవాళ్లు ఇనప జాలీ గానీ, బాల్కనీకి పావురాల వల గానీ వేయించుకోవాలి.

వానాకాలంలో రోడ్ల పక్కన, పెరట్లో కుప్పింటాకు మొక్క విరివిగా మొలుస్తుంది. కొన్నిచోట్ల మురిపిండాకు అంటారు. పీకిన దాని పచ్చి వేరు చాలా పిల్లులను మత్తెక్కిస్తుంది. దానిమీద దొర్లుతాయి, బుగ్గలు రుద్దుతాయి. విదేశాల్లో కొనుక్కునే క్యాట్‌నిప్ చేసే పనే ఇది. తమిళంలో ఈ మొక్కకు పిల్లి పేరే పెట్టారు. మందు కొట్టని చోటి నుంచి తెచ్చి, కడిగి, ఐదు నిమిషాలు మీ ఎదురుగా ఇచ్చి తీసేయండి. నమిలి మింగుతుంటే వెంటనే లాక్కోండి. కొన్ని పిల్లులు దాన్ని పట్టించుకోవు, అదీ మామూలే.

దారంతో చెలగాటం వద్దు

ఇంట్లో దొరికేవన్నీ ఆటవస్తువులు కావు. అన్నిటికన్నా ప్రమాదం దారం. పిల్లి నాలుక మీద లోపలికి వంగిన ముళ్లుంటాయి. నోట్లోకి వెళ్లిన దారాన్ని ఉమ్మలేదు, మింగుతూనే పోతుంది. ఒక కొస నాలుక కిందో, పొట్టలోనో చిక్కుకుని రెండో కొస పేగుల్లోకి వెళ్తే పేగులు కుచ్చెళ్లలా ముడుచుకుపోయి తెగుతాయి. ఆపరేషన్ తప్ప దారి ఉండదు. మల్లెపూల దండలోని దారం, కుట్టుమిషన్ దగ్గర సూదితో ఉన్న దారం, గాలిపటం దారం, చీర అంచు జరీ, రబ్బరు బ్యాండ్లు, జడ రిబ్బన్లు... మన ఇళ్లలో ఇవి లేని గది ఉండదు. పడేసే పూలదండను చెత్తబుట్టలో మూతపెట్టి పడేయండి. నోట్లోంచో, వెనక నుంచో దారం వేలాడుతుంటే లాగకండి. లాగితే లోపల పేగు కోసుకుపోతుంది. అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

గుండ్రంగా దొర్లేవల్లా బంతులు కావు. బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు పిల్లికి విషం. హారతి కర్పూరం కూడా. థర్మోకోల్ పెట్టెను కొరికి మింగుతుంది. మాత్రల స్ట్రిప్పు చప్పుడవుతుందని ఇవ్వకండి. పారాసిటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లిని చంపగలదు. తాడేపల్లిగూడెం మార్కెట్ నుంచి ఉల్లిపాయలు వచ్చే వల సంచీలో కాలో తలో ఇరుక్కుంటుంది. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా, కూరలో ఉడికినవైనా పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఏలూరు దోమల సంగతి ఊరికే అనరు కాబట్టి ఇదీ చెప్పాలి: కుక్కలకు వాడే పెర్మెత్రిన్ చుక్కల మందు పిల్లికి వేయకూడదు. అది ఉండే గదిలో కాయిల్ వెలిగించకపోవడం మంచిది. నేలను ఘాటైన ఫినాయిల్‌తో తుడిస్తే పాదాలకంటి, నాక్కున్నప్పుడు కడుపులోకి పోతుంది.

ఈకలు, పచ్చి చేపలు

కొల్లేరు పక్కన ఉన్నవాళ్లకు ఒక ముచ్చట ఉంటుంది... ఆటపాక వెళ్లినప్పుడు గూడబాతు ఈకో, కొంగ ఈకో ఏరుకొచ్చి పిల్లి ముందు ఊపడం. వద్దు. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. అక్కడివి అక్కడే ఉండాలన్నది ఒక సంగతి. రెండోది ఆరోగ్యం. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లు కుప్పలుగా చనిపోయిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ హెచ్5ఎన్1 వైరస్ పిల్లులకు సోకితే చాలావరకు ప్రాణాంతకం. ఆ ఏడాది జనవరిలోనే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లో దాన్ని గుర్తించారు. అందుకని బయటి ఈకలు, పచ్చి కోడిమాంసం, చికెన్ షాపు వ్యర్థాలు ఇవ్వొద్దు. ఈక కావాలంటే చీర ముక్కను ఈకలా చీల్చండి, పిల్లికి తేడా తెలియదు.

చేప సంగతి కూడా అంతే. మన చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి లాంటి చేపలు పచ్చిగా ఉన్నప్పుడు వాటిలో బి1 విటమిన్‌ను విరిచేసే ఎంజైమ్ ఉంటుంది. రోజూ అవే పచ్చివి తింటే పిల్లికి నరాల జబ్బు రావచ్చు. ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుంది. ఉప్పు, కారం, మసాలా లేకుండా ఉడికించి, ముళ్లన్నీ తీసి, చిటికెడంత ఆట చివర బహుమతిగా పెట్టండి. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి సామెతలోనే బాగుంటుంది. పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. పెరుగన్నం మీదే పెంచే ఇళ్లవాళ్లు కూడా ఆలోచించాలి. మాంసంలో దొరికే టారిన్ లేకపోతే పిల్లికి చూపు, గుండె రెండూ దెబ్బతింటాయి.

ఎండాకాలంలో పొద్దున్నే, పొద్దు వాలాక మాత్రమే ఆడించండి. మధ్యాహ్నం కరెంటు పోయిన వేళ వెడల్పాటి స్టీలు పళ్లెంలో వేలెడు నీళ్లు పోసి నాలుగు ఐసు ముక్కలు వదలండి. జారుతున్న ఐసును పంజాతో తరుముతుంది, ఆ పంజా నాక్కున్నప్పుడు నీళ్లూ తాగుతుంది. పిల్లి నోరు తెరిచి కుక్కలా వగరుస్తుంటే మాత్రం అది ఆట అలసట అనుకోవద్దు. ఆపి, చల్లటి చోటికి చేర్చి, తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

ఆట మానేస్తే

పిల్లి జబ్బును దాచుకుంటుంది. రోజూ ఆడించే ఇంట్లో ఆ గుట్టు త్వరగా బయటపడుతుంది. నిన్నటిదాకా బీరువా మీదికి దూకినది ఇవాళ స్టూలు దగ్గరే ఆగిపోయిందంటే కీళ్లు నొప్పి కావచ్చు. చీర ముక్కను పట్టి వెంటనే వదిలేస్తోందంటే పంటి నొప్పి కావచ్చు. పదేళ్లు దాటిన పిల్లి దూకదు, కానీ పడుకునే పంజా చాస్తుంది. దానికి అదే ఆట. నేల మీదే, నెమ్మదిగా, రెండేసి నిమిషాలు ఆడించండి. రెండు రోజులు తిండి ముట్టకపోతే, ముఖ్యంగా లావుపాటి పిల్లి అయితే, కాలేయంలో కొవ్వు పేరుకుపోయే ప్రమాదం ఉంది. ఆగకూడదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకెళ్లండి. ఆసుపత్రి బల్ల మీద పిల్లి బిగుసుకుపోయి ఏమీ చూపించదు. ఇంట్లో ఎలా నడుస్తోంది, ట్రేలో ఎంతసేపు కూర్చుంటోంది, ఆటలో ఎక్కడ ఆగిపోతోంది... ముప్పై సెకన్ల వీడియో చాలు. దాంతోపాటు నిన్నటి నుంచి ఎన్నిసార్లు మూత్రం పోసిందో, కొలిచి పెట్టిన గింజల్లో ఎన్ని మిగిలాయో ఒక కాగితం మీద రాసుకెళ్లండి. పిల్లిని తీసుకెళ్లడానికి అది రోజూ పడుకునే అట్టపెట్టెనే వాడండి. మూతకు గాలి కంతలు చేసి, తాడుతో కట్టి, లోపల దాని వాసన ఉన్న పాత తువ్వాలు వేయండి.